గొట్టం దించే ముందు: పిల్లల కడుపునొప్పి పరీక్షలపై వైద్య ఆరోగ్యశాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ ఉన్నతాధికారులకు, నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలల పిల్లల వైద్య విభాగాల పెద్దలకు నమస్కారాలు.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇరవై ఎనిమిదేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని. నేను డాక్టర్‌ను కాను; ఏ బిడ్డకు ఏ మందు ఇవ్వాలో చెప్పే అర్హత నాకు లేదు. కానీ కడుపునొప్పితో వచ్చిన పిల్లల మల, మూత్ర, రక్త నమూనాలు వేల సంఖ్యలో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఆ అనుభవంతోనూ, మా ఇంట్లో జరిగిన ఒక విషయంతోనూ మీ ముందు ఒక విన్నపం పెడుతున్నాను. సూది గుచ్చకుండా, గొట్టం దించకుండా, మత్తు ఇవ్వకుండా పిల్లల కడుపులో ఏం జరుగుతుందో చెప్పగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. అవి ఇప్పుడు మా పిల్లలకు హైదరాబాద్ వెళితేనే, అదీ అన్నిటికంటే చివరన అందుతున్నాయి. వాటిని జిల్లా స్థాయికి తెచ్చి, వరుసలో ముందుకు జరపాలని కోరుతున్నాను.

మా ఇంటి సంగతి మొదట చెబుతాను. నా మనవరాలికి తొమ్మిదేళ్ల వయసులో కడుపునొప్పి మొదలైంది. బొడ్డు చుట్టూ పట్టేసినట్టు నొప్పి, కడుపుబ్బరం, అప్పుడప్పుడు నీళ్ల విరేచనాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ గోలీలు ఇచ్చాడు. తర్వాత బొడ్డు జరిగిందని ఒక పెద్దావిడ కడుపు తోమింది. పట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, పేగుల దగ్గర గ్రంథులు ఉబ్బాయని చెప్పి రెండు వారాలు యాంటీబయాటిక్స్ వాడించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఆ గ్రంథులు స్కానింగ్‌లో కొంత పెద్దగా కనిపించడం మామూలేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. టైఫాయిడ్ ఉందేమోనని వైడాల్ పరీక్ష చేశారు, సెలైన్ ఎక్కించారు. ఏడు నెలల తర్వాత హైదరాబాద్‌లో మత్తు ఇచ్చి, నోట్లోంచి గొట్టం దించి లోపల చూసే ఎండోస్కోపీ చేశారు. లోపల అంతా బాగానే ఉందన్నారు. ఆ తర్వాత, అన్నీ అయిపోయాక, అక్కడి పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ ఒక చిన్న పరీక్ష చేయించారు.

పరగడుపున కూర్చోబెట్టి, మూతికి ఒక చిన్న గొట్టం పెట్టి ఊదమన్నారు. "బుగ్గ ఊదినట్టు ఊదాల్నా తాతా?" అని అడిగింది నా మనవరాలు. అవునన్నాను. తర్వాత పాలచక్కెర, అంటే లాక్టోజ్, కలిపిన నీళ్లు తాగించి ప్రతి అరగంటకు ఒకసారి మళ్లీ ఊదించారు. మూడు గంటలు గడిచాయి. మధ్యలో అది బొమ్మలు గీసుకుంటూ కూర్చుంది, ఒక్కసారి కూడా ఏడవలేదు. చిన్నపేగులో అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. అది రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల దాకా వచ్చి, శ్వాసలో బయటపడుతుంది. మొదటి ఊపిరితో పోలిస్తే హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 20 భాగాలు పెరిగితే లాక్టోజ్ అరగడం లేదని లెక్క. మా పిల్లకు అంతకు మించి పెరిగింది, అదే సమయంలో కడుపునొప్పీ వచ్చింది. బలం వస్తుందని ఇంట్లో రోజూ పొద్దున పెద్ద గ్లాసుతో ఇస్తున్న బర్రెపాలే ఆ నొప్పికి కారణం. పాలు ఆపి, పెరుగు, మజ్జిగ మాత్రం ఇచ్చాం. పాలు తోడుకున్నప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది, తోడులోని బ్యాక్టీరియా మిగిలినదాన్ని అరిగించడానికి తోడ్పడుతుంది. అందుకే పెరుగు చాలామందికి పడుతుంది. మూడు వారాల్లో నొప్పి పోయింది.

ఇక్కడ నేను ఎవరినీ నిందించడం లేదు. ఎండోస్కోపీ చేసిన డాక్టర్ బాధ్యతగానే చేశారు. రెండు వారాలు పాలు ఆపి చూద్దామనే ఆలోచన ఇరవై ఎనిమిదేళ్లు ల్యాబులో గడిపిన నాకే రాలేదు. నా బాధల్లా వరుస తలకిందులు కావడం గురించే. ఖర్చు తక్కువ, బాధ తక్కువ అయిన పరీక్ష ఏడు నెలల తర్వాత, మత్తు మందు తర్వాత వచ్చింది. మేము హైదరాబాద్ బస్సు ఎక్కగలిగిన వాళ్లం కాబట్టి అప్పటికైనా వచ్చింది. చందంపేట తండాల నుంచో, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల (గూడేల) నుంచో వచ్చే బిడ్డకు అదీ రాదు.

రెండో సంగతి ఇంకా బరువైనది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి పన్నెండేళ్ల బాలుడు ఏడాది పొడుగునా వచ్చాడు. ప్రతిసారీ గ్యాస్ గోలీలు, ప్రతిసారీ నులిపురుగుల మందు. తల్లిదండ్రులు పుణెలో కూలి పనికి వెళితే పిల్లవాడు నాయనమ్మ దగ్గర ఉండేవాడు. మా దక్షిణ తెలంగాణలో, ముఖ్యంగా పాలమూరులో, పిల్లల వైద్యం గురించి మాట్లాడేటప్పుడు వలసను పక్కన పెట్టడానికి వీల్లేదు. డాక్టర్ అడిగే ప్రశ్నలకు సమాధానాలు తెలిసిన మనిషి మూడు జిల్లాలు దాటి పనిలో ఉంటుంది. బరువు ఎంత తగ్గాడు, రాత్రి నొప్పికి లేస్తున్నాడా, విరేచనంలో రక్తం పడుతుందా అన్నవి ఆ ముసలమ్మకు తెలియవు. పిల్లవాడు సిగ్గుతో చెప్పడు. వాడి నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ అని నేనే రెండుసార్లు రాసిచ్చాను. ఐరన్ గోలీలు ఇచ్చి పంపారు. చివరకు హైదరాబాద్‌లో తేలింది పేగు గోడలు పుండ్లు పడే క్రాన్స్ జబ్బు. అప్పటికి వాడు ఎదుగుదలలో రెండేళ్లు వెనకబడి ఉన్నాడు.

ఆ పిల్లవాడికి మొదటి రెండు నెలల్లోనే ఒక మల పరీక్ష జరిగి ఉంటే కథ వేరుగా ఉండేది. దాని పేరు ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. పేగులో వాపు ఉన్నప్పుడు తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి ఈ ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. అది మలంలో కలిసి వస్తుంది. నాలుగేళ్లు దాటిన పిల్లల్లో ఒక గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగు వాపు జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. వందల్లోకి వెళితే ఇంకా లోతుగా చూడాల్సిందే. ఇంకా చిన్న పిల్లల్లో మామూలుగానే ఎక్కువగా ఉంటుంది కాబట్టి అదే కొలత వాళ్లకు పనికిరాదు. నొప్పి గోలీలు వాడుతున్నా పెరగవచ్చు. మన దేశంలో మరచిపోకూడని మాట ఇంకొకటి ఉంది: పేగుల క్షయలో కూడా ఇది పెరుగుతుంది, కాబట్టి ఇది జబ్బు పేరు చెప్పదు, తలుపు తట్టి "ఇక్కడ చూడండి" అని మాత్రం చెబుతుంది. ఎవరికి ఎండోస్కోపీ అవసరం, ఎవరికి అవసరం లేదు అని వేరు చేయడానికి ఆ మాత్రం చాలు. కిట్లు ఉంటే ఎలైసా రీడర్ (రంగు కొలిచి ఫలితం చెప్పే యంత్రం) ఉన్న ఏ ల్యాబులోనైనా చేయవచ్చు.

నమూనా గురించి నాకు తెలిసినది కొంత చెప్పనివ్వండి, ఎందుకంటే పరీక్ష సగం అక్కడే గెలుస్తుంది లేదా ఓడుతుంది. నా ఉద్యోగం తొలిరోజుల్లో తల్లులు పిల్లల మలాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, పైన ఆకు చుట్టి, కొంగు చాటున దాచి తెచ్చేవారు. కిటికీ దగ్గర పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయేవారు. అగ్గిపెట్టె అట్ట తడి అంతా పీల్చేసేది. ఎండలో రెండు బస్సులు మారి వచ్చిన ఆ ఎండు ముద్దను సెలైన్ చుక్కలో కలిపి సూక్ష్మదర్శిని కింద పెడితే, తాజా నమూనాలో గిరగిర తిరుగుతూ కనిపించాల్సిన జియార్డియా, అంటే పేగుల్లో చేరి విరేచనాలు తెచ్చే సూక్ష్మ పరాన్నజీవి, కనిపించేది కాదు. "ఏమీ లేదు" అని నేను రాసిచ్చిన కాగితాల్లో ఎన్నిట్లో నిజంగా ఏమీ లేదో, ఎన్నిట్లో ఉన్నది అగ్గిపెట్టె పాలైందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి, కానీ డబ్బా ఇచ్చి ఎలా పట్టాలో చెప్పే ఓపిక మాకు లేకపోయింది.

జియార్డియా రోజూ మలంలో పడదు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడాలని పుస్తకాల్లో ఉంది. మూడుసార్లు రాగలిగిన కూలి కుటుంబం ఎక్కడుంది? ఆ జీవి తాలూకు ప్రొటీన్‌ను మలంలో పట్టే యాంటిజెన్ పరీక్ష అయితే ఆ తిప్పట చాలా వరకు తప్పుతుంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల గోలీ వేయిస్తున్నారు. అది ఏలిక పాములకు, కొంకి పురుగులకు మంచి మందు, 2015లో మొదలైన ఆ కార్యక్రమం మంచి కార్యక్రమం. కానీ ఆ ఒక్క గోలీతో జియార్డియా పోదు. "నులిపురుగుల మందు వేశాం కదా, ఇంకేముంటుంది" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట దగ్గరే చాలామంది పిల్లల పరీక్ష ఆగిపోతుంది.

ఇప్పుడు కడుపులో చేరే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా గురించి. దీని గురించి కొంచెం నిదానంగా రాస్తాను, ఎందుకంటే మంచి పరీక్షను తప్పుగా వాడితే నష్టం కూడా ఉంది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బ్యాక్టీరియాను జీర్ణకోశం నుంచి వేరుచేశారు. అల్సర్లకు దీనితో ఉన్న సంబంధాన్ని చూపినందుకు 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బ్యాక్టీరియా యూరియాను విరిచి కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ గుణం మీదే శ్వాస పరీక్ష నిలబడింది. కార్బన్ 13 గుర్తు ఉన్న యూరియా తాగించి, అరగంటలోపు ఊదిన గాలిలో ఆ గుర్తు కనిపిస్తే బ్యాక్టీరియా ఉన్నట్టు. కార్బన్ 13లో రేడియేషన్ ఉండదు, కాబట్టి పిల్లలకు అదే వాడాలి. కార్బన్ 14 వద్దు. ఊదిన గాలిని ట్యూబులో మూతపెట్టి ఉంచితే ఐస్ పెట్టె లేకుండానే దూరం పంపవచ్చు. మే నెలలో నల్లగొండ ఎండ తెలిసిన వారికి ఆ సౌకర్యం విలువ చెప్పనక్కర్లేదు. దేవరకొండలో ఊదిన ఊపిరి నల్లగొండ ల్యాబుకు చెడిపోకుండా చేరుతుంది. ఆరేళ్ల లోపు పిల్లల్లో ఫలితం అంత నమ్మకంగా ఉండదు; వారికి మల యాంటిజెన్ పరీక్ష మేలు.

అయితే కడుపునొప్పి ఉన్న ప్రతి పిల్లకూ ఈ పరీక్ష చేయమని నేను అడగడం లేదు. మన దేశంలో ఈ బ్యాక్టీరియా చిన్నతనంలోనే చాలామందికి సోకుతుంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. పరీక్షలో ఉందని తేలినంత మాత్రాన నొప్పికి అదే కారణం అనలేం. పిల్లలకు శ్వాస పరీక్ష చేసి, అది ఒక్కటే చూసి రెండు యాంటీబయాటిక్స్ మొదలుపెట్టకూడదని ఐరోపా, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్య సంఘాల ఉమ్మడి మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. వాటి ప్రకారం తొలి నిర్ధారణకు ఎండోస్కోపీయే కావాలి; శ్వాస పరీక్ష, మల పరీక్ష అసలు విలువ చికిత్స తర్వాత తెలుస్తుంది. మందులు ముగిసి కనీసం నాలుగు వారాలు అయ్యాక, గ్యాస్ గోలీలు ఆపి రెండు వారాలు అయ్యాక, బ్యాక్టీరియా పోయిందో లేదో చెప్పడానికి రెండోసారి గొట్టం దించాల్సిన పని ఉండదు. మా దగ్గర ఆ రెండో చూపే లేదు. మందు ముగించిన పిల్లల్లో ఎవరికి నయమైందో ఎవరికీ తెలియదు. ఇక ప్రైవేటు ల్యాబుల్లో రక్తపు చుక్కతో చేసే యాంటీబాడీ కార్డు పరీక్షను పిల్లల విషయంలో ఆపించాలని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. పాత ఇన్‌ఫెక్షన్‌కు కూడా అది ఉందనే చూపిస్తుంది, దాన్ని పట్టుకుని మందులు రాయడం జరుగుతోంది.

పరీక్షల గురించి ఇంత రాసినా, అన్నిటికంటే ముందు రావాల్సింది ఏ యంత్రం అవసరం లేని పరీక్ష. 1958లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ ఆప్లే, నోరా నైష్ వెయ్యి మంది బడి పిల్లలను పరిశీలించి, దాదాపు పది మందిలో ఒకరికి పదేపదే వచ్చే కడుపునొప్పి ఉందని, వారిలో చాలా కొద్దిమందికే శరీరంలో జబ్బు దొరికిందని రాశారు. నొప్పి నిజమే, పిల్లలు నటించడం లేదు. పేగుకూ మెదడుకూ నడుమ సంకేతాలు అతిగా స్పందించడం వల్ల వచ్చే నొప్పి అది. "పొద్దుగాల బడికి పొమ్మంటె కడుపుల నొస్తదంటడు, మాపటికి ఆడుకునేటప్పుడు ఏం లేదు సారూ" అని తల్లులు చెప్పేది ఎక్కువగా ఈ నొప్పి గురించే. అలాంటి బిడ్డకు ఎన్ని పరీక్షలు చేస్తే అంత భయం పెరుగుతుంది.

మరొక కారణం ఇంకా మామూలుది, అందుకే ఎవరి కంటా పడదు: మలబద్ధకం. హాస్టళ్లలో, బడుల్లో మరుగుదొడ్డికి నీళ్లు రాకపోతే, గొళ్లెం లేకపోతే, ఆడపిల్లలు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటారు. రోజూ వెళుతున్నావా అని అడిగితే వెళుతున్నాననే అంటారు. బ్రిస్టల్‌లోనే 1997లో రూపొందిన మలం బొమ్మల పట్టిక ఒకటి ఉంది. గడ్డలు గడ్డలుగా రావడం నుంచి నీళ్లలా రావడం దాకా ఏడు బొమ్మలు. నేను పదవీ విరమణకు ముందు దాన్ని చేత్తో గీసి కిటికీ పక్కన అతికించాను. "ఎట్లొస్తుంది బిడ్డా?" అని నోటితో అడిగితే తల వంచుకునే అమ్మాయి, బొమ్మ చూపించమంటే మొదటి బొమ్మ మీద, మేకపెంటికల్లా ఉన్న దాని మీద, వేలు పెట్టేది. ఆ వేలు పెట్టినంతసేపట్లో తెలిసిన విషయం స్కానింగ్‌లో తెలియదు. ఆ పట్టిక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి గురుకులంలో తెలుగు మాటలతో ఉండాలి; అచ్చు ఖర్చు తప్ప దానికి మరే ఖర్చూ లేదు.

మా నల్లగొండ వాళ్లకు పరీక్ష విలువ ఇంకో దారిలో కూడా తెలుసు. మర్రిగూడ, చండూరు వైపు పళ్ల మీద గార పట్టిన పిల్లలను తరాల పాటు చూశాం. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు కడుపులో నొప్పి, వికారం కూడా తెస్తాయి. ఎముకల వంకర కనిపించినంతగా అది కనిపించలేదు. నీటిలో, మూత్రంలో ఫ్లోరైడ్ కొలవడం మొదలైన తర్వాతే ఆ బాధకు పేరు దొరికింది. మూత్రం పట్టి ఇవ్వడానికి ఏ బిడ్డా ఏడవలేదు.

అయ్యా, అమ్మా, నేను అడుగుతున్న వాటికి కొత్త భవనాలు అక్కర్లేదు. ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు చేసే తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై 2021లో జిల్లాలకు వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి నమూనాలు జిల్లా హబ్‌కు (జిల్లా కేంద్ర ల్యాబుకు) చేరే బండ్లు, రిపోర్టు ఫోన్‌కు వచ్చే ఏర్పాటు ఉన్నాయి. ఆ హబ్‌ల ఉచిత పరీక్షల జాబితాలో పిల్లల కోసం ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్, జియార్డియా యాంటిజెన్, పైలోరీ మల యాంటిజెన్ చేర్చండి. కార్బన్ 13 శ్వాస పరీక్ష యంత్రం ఒకటి నల్లగొండకు, ఒకటి మహబూబ్‌నగర్‌కు ఇస్తే చాలు. హైడ్రోజన్ ఊపిరి యంత్రం చేతిలో పట్టేంత చిన్నది. దాన్ని వైద్య కళాశాలల పిల్లల విభాగాల్లోనే ఉంచవచ్చు. ఈ పరీక్షలను పిల్లల డాక్టర్ రాస్తేనే చేయాలనే నియమం కూడా పెట్టండి, లేకపోతే ఇవీ వైడాల్‌లాగే ప్రతి చీటీ మీదికీ ఎక్కుతాయి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లి పిల్లలను చూస్తున్నాయి. వారి వద్ద ఉండే జబ్బుల జాబితాలో పదేపదే వచ్చే కడుపునొప్పి లేదు. జాబితా మార్చడం కేంద్రం పని కావచ్చు. కానీ బరువు తగ్గడం, విరేచనంలో రక్తం, రాత్రి నిద్రలోంచి నొప్పికి లేవడం, పచ్చని వాంతులు, విడవని జ్వరం, ఎదుగుదల ఆగడం అనే ఆరు ప్రశ్నలు అడిగి, ఒక్కదానికి అవునన్నా ఆ బిడ్డను ఆ వారమే పిల్లల డాక్టర్‌కు పంపమని మన జిల్లాల బృందాలకు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పన్నెండేళ్ల బాలుణ్ని ఈ ప్రశ్నలు ఎవరైనా అడిగి ఉంటే మూడింటికి అవుననే చెప్పేవాడు.

నమూనా డబ్బా మూతకే చెంచా అతికి ఉండేది కొనండి. డబ్బాతో పాటు బొమ్మలతో ఒక చీటీ ఇవ్వండి. తండాల కోసం అందులోని నాలుగు మాటలు లంబాడీలో కూడా తెలుగు అక్షరాలతో వేయించండి. అది ఎలా పట్టాలో, ఎంత పట్టాలో, ఎండలో ఎలా తేవాలో ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు చూపించడానికి నేను ఏ మండలానికైనా నా ఖర్చులతో వస్తాను. ఈ నెలలోనే పిలిచినా సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా